గట్టు మీద సైకిలు, మేడ మీద తోట



సంక్రాంతి వెళ్ళగానే మా రాజమహేంద్రవరంలో రిటైరైనవాళ్ళ ఇళ్ళలో టిక్కెట్ల మాటలు మొదలవుతాయి. హైదరాబాదులో కొడుకు దగ్గరికో, బెంగళూరులో కూతురు దగ్గరికో, అదీ కాకపోతే డాలస్‌కో న్యూజెర్సీకో. విజిటర్ వీసా మీద అమెరికా వెళితే ఆరు నెలలదాకా ఉండనిస్తారు. ఎండలు ముదిరేలోపు విమానం ఎక్కేసి, దసరాకి తిరిగివచ్చే తల్లిదండ్రులు ఇక్కడ చాలామందే ఉన్నారు. మేమూ వెళ్ళినవాళ్ళమే, మనవరాలిని చేతుల మీద పెంచినవాళ్ళమే. ఈ ఏడు మాత్రం వేసవి అంతా ఇక్కడే ఉందాం అని నేనూ మావారూ అనుకున్నాం. పిల్లలు కంగారుపడ్డారు. "అమ్మా, గోదావరి ఎండల్లో మీరిద్దరే ఏం చేస్తారు?" అని అమ్మాయి ఫోనులో ఒకటే గోల. ఏం చేశామో చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. మావారు ఇరిగేషన్‌లో పనిచేశారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మా కోసం ఎవరో ఒకరు ఎదురుచూస్తూనే ఉండేవారు. తొమ్మిదో తరగతి పిల్లలు నా కోసం చూసేవారు. కాలువలో నీళ్ళు అందకపోతే శివారు రైతు ఏ రాత్రప్పుడైనా వచ్చి మా తలుపు తట్టేవాడు. రిటైరయ్యాక పింఛను వస్తుంది, మర్యాదకి లోటుండదు, తీరికా దొరుకుతుంది. ఆ ఎదురుచూపు మాత్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. ముసలితనంలో మనిషిని లోపల్నుంచి కుంగదీసేది మోకాళ్ళ నొప్పులకంటే కూడా అదేనని నా నమ్మకం. మేం వెళ్ళకపోతే ఎవరికో ఒకరికి లోటు కనిపించాలి, అలాంటి పని ఒకటి కావాలి అనుకున్నాం. అది మాకు సైకిలు దగ్గర మొదలైంది.

నేను కోనసీమలో పుట్టాను. అన్నయ్య సైకిలు మీద, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి, ఒక పక్కగా వేలాడుతూ తొక్కడం నేర్చుకున్నాను. పెద్దమనిషినయ్యాక నాయనమ్మ ఆ సైకిలు ముట్టుకోనివ్వలేదు. హైస్కూలుకి గట్టు వెంట నడిచే వెళ్ళాను. చాలా ఏళ్ళకి ఒక సంగతి చదివాను. 1990ల తొలి ఏళ్ళలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్. ఓనమాలతోపాటు ఆడవాళ్ళకి సైకిలు తొక్కడం కూడా ఆ ఉద్యమం నేర్పింది. వ్యవసాయ కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేలమంది నేర్చుకున్నారు. బస్సుకోసం పడిగాపులు పడే అవసరం తప్పింది. ఎవరినీ బతిమాలకుండా పనికి, సంతకి, ఆసుపత్రికి వెళ్ళగలిగారు. ఆ సంగతి చదివిన రోజున నా కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. తర్వాత మన రాష్ట్రంలో 'బడికొస్తా' పథకం కింద తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. మా బడి చెట్ల కింద వరసగా నిలబెట్టిన ఆ సైకిళ్ళను చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. అయినా నేను మళ్ళీ ఎక్కింది మాత్రం ఈ ఏడు ఉగాది దాటాకే.

కొట్లో గేర్లున్న ఖరీదైన సైకిళ్ళు చూపించారు. మేం ఇద్దరికీ కడ్డీ లేని లేడీస్ సైకిళ్ళే తీసుకున్నాం. అరవై దాటాక కాలెత్తి సీటు మీదుగా తిప్పి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తూలిపడే ప్రమాదం ఉంటుంది. మన వయసువాళ్ళకి ఇంకో మాట చెప్పాలి. సీటు మీద కూర్చుని మడమ పెడలు మీద ఆనిస్తే, పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు తిన్నగా రావాలి. సీటు మరీ దించుకుంటే మోకాళ్ళు పట్టేస్తాయి. సైకిలు మీద ఒంటి బరువు కీళ్ళ మీద పడదు కనుక నొప్పులున్నవాళ్ళకి అది మేలు. అదే కారణంగా ఎముకలు గట్టిపడడానికి సైకిలు ఒక్కటే చాలదు. నడవాలి, కాస్త బరువులూ ఎత్తాలి. ఆ భాగం మాకు తోట చూసుకుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

మే నెలలో ఇక్కడ ఐదున్నరకే పొద్దు పొడుస్తుంది. అందుకని చీకటితో లేచి, హెల్మెట్లు పెట్టుకుని, ఐదింటికల్లా గేటు దాటేవాళ్ళం. కోటిలింగాల రేవు దగ్గర గోదావరి గట్టెక్కితే ఒంటికి చల్లగాలి తగులుతుంది. అక్కణ్ణుంచి దక్షిణంగా ధవళేశ్వరం వైపు వెళ్ళేవాళ్ళం. దారిలో 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన కనిపిస్తుంది. 1997లో దాని మీద రైళ్ళు ఆపేశారు. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన మీద మాత్రం ఆ వేళకే వాహనాలు కదులుతుంటాయి. కారులో ఈ దారిన చాలాసార్లు వెళ్ళాం. ఏ రేవులో చేపలవాళ్ళ పడవలు ఆగుతాయో, ఏ మలుపులో వేపచెట్టు కింద తాటిముంజెలు అమ్మే ఆమె బుట్ట దించుతుందో నాకు ఈ వేసవిలోనే తెలిసింది. కారుకి కనిపించేది రోడ్డు. సైకిలు మీద వెళ్తుంటే మనుషులు పలకరిస్తారు.

ధవళేశ్వరంలో మావారికి కాళ్ళు ఆగిపోయేవి. ఏప్రిల్‌లో దాళ్వా కోతల వేళకి డెల్టా కాలువలు కట్టేస్తారు. జూన్‌లో సార్వా నారుమళ్ళకి మళ్ళీ నీళ్ళు వదులుతారు. ఆ మధ్య రోజుల్లో కాలువ అడుగు బయటపడుతుంది. గుర్రపుడెక్క, తూడు తీయించడం, గట్లకి మట్టి వేయించడం, లాకుల తలుపులకి మరమ్మతులు చేయించడం, అన్నీ అప్పుడే. పనిలో ఉన్నన్నాళ్ళూ వేసవి అంటే మావారికి ఊపిరి సలపని కాలం. ఇప్పుడు గట్టు మీద సైకిలు ఆపి, కింద పని చూస్తూ, ఏ తూము ఎక్కడిదో, ఏ కాలువ ఏ ఊరికి పోతుందో నాకు చెప్పేవారు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయన పని గురించి నేను ఇంత వినలేదు. 1833 ప్రాంతపు కరువులో ఈ నేల ఎలా ఎండిపోయిందో, సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి ఎలా పూర్తి చేయించాడో, రాతి పనివాళ్ళని, ఒడ్డర్లని తలుచుకుంటూ చెప్పేవారు. కాటన్ పేరు అందరికీ తెలుసు, ఆ రాయి మోసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు అన్నది మావారి బాధ. ఆ బాధ నాకూ అంటుకుంది.

లాకుల దగ్గర మావారి దగ్గర పనిచేసిన లస్కరు ఒకాయన ఉన్నాడు. ఆయన కూడా రిటైరయ్యాడు. మొదటి రోజు అనుకోకుండా కలిశాడు. తర్వాత మేం వచ్చే వేళకి టీ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చుని ఉండేవాడు. ఒకసారి మావారికి జలుబు చేసి రెండు రోజులు వెళ్ళలేదు. మూడోనాడు ఆయనే తన మనవడి సైకిలు వెనక కూర్చుని మా ఇంటికి వచ్చేశాడు. "అయ్యగారు రాలేదేంటా అని" అన్నాడు. మావారు ఆ పూట ఎంత హుషారుగా మాట్లాడారో!

ధవళేశ్వరం నుంచి కాలువ గట్టు వెంట ఇంకా ముందుకి పోతే కడియం. కడియపులంక, బుర్రిలంక, వీరవరం, వేమగిరి, ఎటు చూసినా నర్సరీలే. గోదావరి ఒండ్రుమట్టి, తేమ, కాలువ నీళ్ళు, వీటన్నిటికీ మించి తరాలుగా చేతికి అలవాటైన అంటు కట్టే విద్య ఈ పల్లెల్ని దేశమంతా మొక్కలు పంపే చోటుగా మార్చాయి. పొద్దున్నే ఆడవాళ్ళు కవర్లలో మట్టి నింపుతూ కనిపిస్తారు. కొమ్మ చుట్టూ బెరడు వలిచి, నాచు చుట్టి, ప్లాస్టిక్ కాగితం కట్టే అంటుని నేను పాఠంలో బొమ్మ వేసి చూపించేదాన్ని. ఇక్కడ ఒకామె మాటల మధ్యలో, చేతుల వంక చూడకుండానే వరసగా కట్టుకుంటూ పోతోంది. నేను చాలాసేపు పక్కన నిలబడి చూశాను. ఆమె కూలి ఎంతో అడిగి తెలుసుకున్నాను. ఆ చేతుల నేర్పుకి ఆ డబ్బు చాలదు. మొక్క కొనేటప్పుడు బేరమాడే మనం ఈ సంగతి గుర్తుంచుకోవాలని నా మనవి.

ఇక తోట. మాకు పెరడు చిన్నది, మేడ పెద్దది. వేసవిలో మేడ మీద కూరగాయలు పెంచడం తేలిక కాదు. కింద కాంక్రీటు కాలుతుంది, పైనుంచి ఎండ కాలుస్తుంది. కుండీ మట్టి నాలుగు పక్కలా వేడెక్కి వేళ్ళు ఉడికిపోతాయి. అందుకని సగం ఎండ ఆపే ఆకుపచ్చ వల కట్టాం. కుండీలన్నీ దగ్గర దగ్గరగా, ఒకదాని నీడ ఇంకొకదాని మీద పడేలా పెట్టాం. మట్టిలో కొబ్బరిపొట్టు, పశువుల ఎరువు కలిపి, పైన ఎండుటాకులు మందంగా పరిచాం. ఆ ఆకులు నీళ్ళని ఆవిరి కాకుండా ఆపుతాయి. ఉదయం ఎండెక్కకముందు ఒకసారి, పొద్దువాలాక ఒకసారి నీళ్ళు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు ఒక్క చుక్క వృథా పోనివ్వలేదు. బాల్చీలు మోసుకుంటూ మెట్లెక్కడమే మా ఎముకలకి కసరత్తు.

బెండ, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి వేసవిని తట్టుకున్నాయి. బెండకాయని రోజు విడిచి రోజు కోయాలి, లేకపోతే ముదిరి పీచు పడుతుంది. వంగకి, బెండకి గాలి పొడిగా ఉన్న రోజుల్లో ఎర్రనల్లి పట్టింది. ఆకు అడుగు భాగం నీళ్ళతో గట్టిగా కడిగి, లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టాం. కానీ మా వీధిని మేడెక్కించింది మాత్రం ఆనపపాదు. ఎండలు ముదిరి పగళ్ళు పొడవైతే తీగజాతి కూరల్లో మగపూలు ఎక్కువ, ఆడపూలు తక్కువ వస్తాయి. చాలామంది పూత రాలిపోతోంది, పాదుకి ఏదో తెగులు అనుకుంటారు. తెగులేమీ లేదు. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడది, లేకపోతే మగది. ఆనప పువ్వు, బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటాయి. గుమ్మడి, దోస పొద్దున. ఆనప తెల్లపువ్వు కోసం రాత్రిపూట చిమ్మటలు వస్తాయి. మేడ మీదికి అవి రాకపోతే మనమే మగపువ్వు కోసి, రెక్కలు వలిచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో సుతారంగా అద్దాలి.

ఒకనాడు పొద్దువాలే వేళ నేను ఆ పని చేస్తుంటే పక్కింటి పాప చూసింది. మర్నాటికి ఇంకో ముగ్గుర్ని తెచ్చింది. తర్వాత రోజూ ఆరు దాటేసరికి మెట్ల మీద పిల్లల చెప్పులు వరసగా ఉండేవి. "టీచరుగారూ, ఇవాళ ఆడపువ్వు వచ్చిందా?" అంటూ పైకి పరుగెత్తేవారు. ఏ పువ్వుకి ఎవరు పుప్పొడి అద్దారో ఆ పేరు చిన్న చీటీ మీద రాసి తొడిమెకి కట్టేవాళ్ళం. తన పేరున్న పిందె ఎదిగిందా లేదా అని ప్రతి ఒక్కరూ చూసుకునేవారు. నిలవకుండా పసుపుపచ్చగా మారి రాలినవీ ఉన్నాయి. ఒక పిల్లవాడు రాలిన పిందెని అరచేతిలో పెట్టుకుని ఎందుకిలా అయిందని అడిగాడు. పుప్పొడి సరిగా అందకపోయినా, మరీ ఎండ తగిలినా అలా అవుతుంది అని చెప్పి, ఇంకో పువ్వు చూపించాను. తరగతి గదిలో ఎన్ని సంవత్సరాలు ఇదే పాఠం చెప్పానో! ఇంత శ్రద్ధగా విన్న పిల్లలు అరుదు. కోసిన ఆనపకాయ పేరున్న ఇంటికే వెళ్ళింది.

అలా మా కూరగాయలు ఇళ్ళకి వెళ్ళడం మొదలయ్యాక మాకు వీధి తెలిసింది. ఇన్నాళ్ళూ మనుషులు తెలుసు, ఇళ్ళ లోపల సంగతులు తెలియవు. మా వీధిలో పిల్లలంతా దేశంగాని దేశంలో ఉండి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు కొందరున్నారు. ఎనభై దాటిన మామ్మగారు ఒకావిడ మధ్యాహ్నం తలుపులన్నీ బిగించుకుని, ఫ్యాను కింద పడుకుని ఉండేవారు. నీళ్ళు తాగారా అంటే, దాహం వెయ్యడంలేదమ్మా అన్నారు. నాకు గుండె ఝల్లుమంది. వయసు మీదపడ్డాక ఒంటికి నీళ్ళు కావలసి ఉన్నా దాహం తెలియదు. చెమట కూడా తక్కువ పడుతుంది. 2015 మే నెల వడగాలుల్లో మన తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎండలో పనిచేసే కూలీలు, పెద్దవయసువాళ్ళు ఎక్కువ. గదిలో వేడి నలభై డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని చల్లబరచదు, ఆ వేడిని ఒంటి మీదికే తోస్తుంది. అప్పుడు తడిగుడ్డతో ఒళ్ళు తుడవాలి, కిటికీ పగలు మూసి రాత్రి తెరవాలి, గుక్కెడు గుక్కెడుగా నీళ్ళు తాగుతూ ఉండాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలగొట్టి కొలిచి కలిపితే సరిపోతుంది. బీపీకి, గుండెకి మందులు వాడేవాళ్ళు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వేసుకునేవాళ్ళు వేసవి మొదట్లోనే డాక్టరుని అడిగి తెలుసుకోవాలి.

అందుకని మావారూ ఇంకో ఇద్దరు రిటైరైన మాస్టార్లూ ఒక ఏర్పాటు చేశారు. ఒంటరి పెద్దల ఇళ్ళకి పదకొండింటికి మజ్జిగ చేరాలి, మధ్యాహ్నం రెండింటికి ఫోను మోగాలి, ఫోను ఎత్తకపోతే పక్కింటివాళ్ళు వెళ్ళి తలుపు కొట్టాలి. అంతే, ఇంకేమీ లేదు. దీనికి సంఘం అక్కర్లేదు, చందా అక్కర్లేదు. వీధి మొదట్లో వేపచెట్టు కింద చలివేంద్రం పెట్టి, కుండలకి తడి గోనెపట్టా చుట్టింది కాలేజీ కుర్రాళ్ళు. నీళ్ళు పోసే వంతు పెద్దవాళ్ళది. ఎండన పడి వచ్చే డెలివరీ కుర్రాళ్ళు, రిక్షావాళ్ళు, చెత్తబండి లాగే అక్కలు ఆగి తాగేవారు. మామ్మగారు తనూ ఒక వంతు అడిగి తీసుకున్నారు. కుర్చీ వేసుకుని, గ్లాసు చేతికి అందించి, "ఇంకో గుక్క తాగు నాయనా" అనేవారు. మధ్యాహ్నం తలుపులు బిగించుకునే ఆవిడ పొద్దున తొమ్మిదింటిదాకా చెట్టు కిందే ఉండేవారు. ఆవిడ కుర్చీ ఖాళీగా కనిపిస్తే, మామ్మగారేరీ అని రిక్షావాళ్ళు అడిగేవారు.

మే నెలలో ఆవకాయలు మామూలే. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు మంచి టెంక పట్టినవి చూసి మావారూ ఆ మాస్టార్లూ తెల్లవారుజామున మార్కెట్టు నుంచి సైకిళ్ళ మీద తెచ్చారు. కత్తిపీట మా ఇంట్లోది, పప్పునూనె ఎదురింట్లోది, ఆవాలు ఎండబెట్టింది మామ్మగారి డాబా మీద. జీడి తీయడం, ముక్క తుడవడం పిల్లల పని. మూడోనాడు తిరగగలిపి, వేడి అన్నంలో ముద్దలు కలిపి వీధి వాళ్ళందరి చేతుల్లోనూ పెట్టాం. చెమటలు కక్కుతూ తిన్నాం. అంత మంచి ఆవకాయ ఈ మధ్య తినలేదు.

ఇప్పుడు కాలువలకి నీళ్ళొచ్చాయి. నారుమళ్ళు పచ్చబడుతున్నాయి, బళ్ళు తెరిచారు, మేడ మీద పిల్లల సందడి ఆదివారాలకి తగ్గింది. కానీ ఒక పని మధ్యలో ఉంది. నన్ను సైకిలు మీద చూసి మా వీధి ఆడవాళ్ళు కొందరు తమకీ నేర్పమన్నారు. సాయంత్రం మా పాత బడి మైదానంలో నేర్పుతున్నాను. పెద్దవయసులో నేర్చుకునేవాళ్ళని వెనకనుంచి పట్టుకుని తోయడం మంచి పద్ధతి కాదు. సీటు బాగా దించి, రెండు పాదాలూ నేలకి ఆనేలా చేసి, పెడళ్ళు విప్పేయాలి. ఎడమ పెడలు మర ఎదురుగా ఉంటుంది, అది తెలియక మావారు మొదట చాలాసేపు కుస్తీ పట్టారు. పెడళ్ళు లేని సైకిలుని కాళ్ళతో తోసుకుంటూ వెళ్ళి, పాదాలు ఎత్తి, కాసేపు నిలిచేలా జారితే ఒంటికి తూకం దానంతటదే తెలుస్తుంది. బ్రేకు పట్టడం అప్పుడే నేర్పాలి. మా ఎదురింటి పిన్నిగారికి యాభై ఎనిమిదేళ్ళు. ఆవిడ నిన్న మైదానం ఈ చివరనుంచి ఆ చివరకి పాదాలు ఆనకుండా జారుకుంటూ వెళ్ళారు. చీర కుచ్చిళ్ళు చైనులో పడకుండా వెనక చక్రానికి వల, చైనుకి కవరు ఉన్న సైకిలు ఆవిడకి కావాలి. రేపు పొద్దున కొట్టుకి వెళ్ళి చూస్తాం. ఆదివారం పెడళ్ళు బిగించేస్తాం.